తాడు అందుకోని ఓడ

రేవు మీద జెండా మారిన ఏడు, ఇక అన్నీ మారిపోతాయని ఊరంతా అనుకుంది. జెండా ఒక్కటే మారింది. రేవులోకి వచ్చే ఓడలు అవే, వాటి పొగగొట్టాల మీద రంగులూ అవే. ఆ ఓడలన్నీ ఒకే విదేశీ కంపెనీవి. దాన్ని పేరు పెట్టి పిలిచే అవసరం ఎవరికీ రాలేదు, కంపెనీ అంటే చాలు. మేకుల దగ్గర్నుంచి గాజుపలకల దాకా అన్నీ ఆ ఓడల్లోంచే దిగేవి. కొత్త ప్రభుత్వం బడి కట్టాలన్నా వంతెన వేయాలన్నా సిమెంటు కోసం కంపెనీ మొహం చూడాల్సిందే.

అలాంటి రోజుల్లో ఆమె భర్త సున్నపురాయి కొండల కింద సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ఊళ్లో ఆయనకి సిమెంటాయన అని పేరు పడింది. మొదట్లో ఆ పిలుపులో వెటకారం ఉండేది. నది మీద వంతెన లేచాక అదే పిలుపు మర్యాదగా మారిపోయింది. మనిషి ఎప్పుడూ బూడిదరంగు దుమ్ము కొట్టుకుపోయి ఇంటికొచ్చేవాడు. కనుబొమల్లో దుమ్ము, చెవుల వెనక దుమ్ము. ఎన్నిసార్లు తుడిపించినా ఆ ఇంట్లో కుర్చీ చేతుల మీద వేలితో పేరు రాయొచ్చు.

దేశానికి సరిపడా పోగా సిమెంటు మిగలడం మొదలయ్యాక ఆయన చూపు సముద్రం అవతలికి పోయింది. అక్కడి దేశం కూడా కొత్తగా లేచిందే. రేవు కట్టుకుంటోంది, సిమెంటు కావాలంది. మనం అమ్మితే బయటి డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో యంత్రాలు కొనుక్కోవచ్చు, ఆ యంత్రాలతో ఇంకో పది ఫ్యాక్టరీలు లేస్తాయి. భోజనాల దగ్గర ఆయన ఈ మాటే వేలితో బల్ల మీద గీతలు గీస్తూ చెప్పేవాడు. కంపెనీ మాత్రం సిమెంటు బస్తాలకి కిరాయి ఒక్కసారిగా పెంచేసింది. సరుకు ఖరీదు కంటే మోసే కూలి ఎక్కువైంది.

దాంతో ఆయన ఒక పాత ఓడ కొన్నాడు. వకీలు సలహా మీద దాన్ని భార్య పేరున రాయించాడు. సంతకం పెట్టమంటే పెట్టిందామె. ఇల్లు కూడా ఆమె పేరునే ఉంది కనుక పెద్దగా ఆలోచించలేదు.

ఆ ఓడకి కెప్టెన్‌గా ఆమె తమ్ముణ్ణి పెట్టారని తెలిసినప్పుడు మాత్రం గుండెలో రాయి పడ్డట్టయింది.

తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది ఆమే. పెద్దయ్యాక కంపెనీ ఓడల్లో చేరాడు, ఎంత పని నేర్చినా వాళ్లు అతణ్ణి కెప్టెన్‌ని మాత్రం చేయలేదు. బావ కబురు పంపగానే ఎగిరి గంతేసి వచ్చాడు.

బయల్దేరే ముందు భోజనానికి వచ్చినప్పుడు ఆమె అడిగింది.

"ఓడ మంచిదేనా?"

"ముసలిదక్కా. అయితే గట్టిది. అచ్చం మన మేనత్తలాగా."

"నవ్వులాట కాదురా. బీమా వాళ్లు దానికి బీమా చేయబోమన్నారట కదా."

అతను ఒకసారి బావ వంక చూశాడు. బావ తలెత్తకుండా తింటున్నాడు.

"బీమా వాళ్లంతా కంపెనీ మనుషులే అక్కా. వాళ్లు చేస్తామంటేనే ఆశ్చర్యపోవాలి," అన్నాడు తమ్ముడు, ఇంకాస్త వడ్డించమని కంచం జరిపాడు.

ఓడ కదిలిన రోజు వాణిజ్య మంత్రి వచ్చి ఉపన్యాసం ఇచ్చాడు. బ్యాండు మోగింది. దేశం జెండా కట్టుకుని సముద్రం దాటుతున్న మొదటి సరుకు ఓడ అదే. జనం మధ్య నిలబడ్డ ఆమెకి ఓడ వెనక భాగంలో రంగు పొరల కింద ఉబ్బి కనిపిస్తున్న తుప్పు తప్ప ఇంకేమీ కంటికి ఆనలేదు. పక్కన తమ్ముడి భార్య, బడిలో పాఠాలు చెప్పే పిల్ల, రుమాలు ఊపుతూ నిలబడింది. ఆ చెయ్యి చల్లగా ఉందని పట్టుకుంటే గానీ తెలియలేదు.

రోజూ మధ్యాహ్నం ఓడ నుంచి రేవులోని వైర్‌లెస్ గదికి కబురు వచ్చేది. ఆపరేటరు ఫోన్ చేసి చెప్పేవాడు. క్షేమం, గాలి మామూలు. క్షేమం, గాలి కొంచెం ఎక్కువ. ఆ తర్వాత ఒకనాడు పొద్దున్నే ఆకాశం సీసం రంగుకి తిరిగింది. కిటికీ తలుపులు వాటంతట అవే కొట్టుకోసాగాయి. ఆ మధ్యాహ్నం ఫోన్ రాలేదు. ఆమె ఉండబట్టలేక రేవుకి పోయింది.

వైర్‌లెస్ గది ఒక చిన్న మేడగది. ఆపరేటరు చెవులకి తొడిగిన గొట్టాలు తీయకుండానే కుర్చీ చూపించాడు. అతని ముందు కాగితం మీద పెన్సిలుతో రాసిన కబురు ఉంది. సరుకు గదిలోకి నీరు వస్తోంది, పంపులు నడుస్తున్నాయి, కంగారు వద్దు.

"తర్వాత?"

"తర్వాత ఏమీ రాలేదమ్మా. పిలుస్తూనే ఉన్నాను."

సిమెంటు బస్తాల్లోకి నీరు పోతే ఏమవుతుందో సిమెంటాయన భార్యకి వేరే చెప్పక్కర్లేదు. ఓడ కడుపులో కొండ తయారవుతుంది. ఆమె లేచింది. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగింది.

కబురు దావానలంలా పాకింది. మర్నాటికి ఫ్యాక్టరీ గేటు ముందు ఓడ మీద ఉన్నవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు చేరారు. ఎవరూ అరవలేదు. అరిచినా బాగుండేది. గేటు కమ్మీల్లోంచి లోపలికి చూస్తూ ఊరికే నిలబడ్డారు. కారు దిగి వాళ్ల మధ్యలోంచి నడుస్తుంటే ఒళ్లంతా చూపులు గుచ్చుకున్నట్టనిపించింది ఆమెకి. తనూ వాళ్లలో ఒకతేనని ఎలా చెప్పాలో తెలియలేదు.

భర్త గదిలో అప్పటికే కంపెనీ ఏజెంటు కూర్చుని ఉన్నాడు. సన్నగా, శుభ్రంగా ఉన్న మనిషి. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి భాష బాగానే నేర్చాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"ఈ తీరంలో ఈ గాలికి తట్టుకుని వెళ్లగల టగ్గు మా దగ్గర ఒక్కటే ఉంది," అన్నాడు. టగ్గు అంటే దెబ్బతిన్న ఓడకి తాడు కట్టి లాక్కొచ్చే చిన్న బలమైన ఓడ. "మీవాళ్లని వెతికి లాక్కొస్తాం. ఓడా సరుకూ మాకు వదిలెయ్యాలి. ఈ దారిలో మీరు మళ్లీ ఓడ నడపకూడదు. తాడు కట్టి లాగితేనే ఈ ఒప్పందం. లాగకపోతే ఒప్పందమే లేదు, మాకు దమ్మిడీ ఇవ్వక్కర్లేదు. న్యాయమేగా."

ఏజెంటు ఒక కాగితం తీసి సిమెంటాయన ముందు పెట్టాడు. బల్ల మీది ఫోన్ మోగింది. మంత్రి. అవతలి గొంతు గదంతా వినపడేంత గట్టిగా ఉంది. సంతకం పెట్టొద్దు, ఇది దేశం పరువు. మరి మీరేం పంపుతారని ఆయన అడిగాడు. అవతల మంత్రి నీళ్లు నమిలాడు. ప్రభుత్వానికి ఉన్నవి రెండు కాపలా పడవలు, అవి రేవు దాటలేవు.

ఫోన్ పెట్టేసి సిమెంటాయన ఏజెంటుతో అన్నాడు. "రేపటిదాకా చూద్దాం."

"రేపటికి వెతకడానికి ఏం మిగులుతుందో నేను చెప్పలేను," అన్నాడు ఏజెంటు. కాగితం ఆయన ముందు నుంచి జరిపి ఆమె ముందు పెట్టాడు. "అయినా సంతకం మీది కాదు. ఓడ ఆవిడది."

ఆమెకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఇద్దరు మగవాళ్లూ తన వంకే చూస్తున్నారని తెలిసింది.

"ఏమండీ, మీరేమంటారు?"

"నేనైతే పెట్టను," అన్నాడాయన. "ఇది కంపెనీ చేతికి పోతే ఇరవై ఏళ్లదాకా ఈ దేశంలో ఇంకొకడు ఓడ కొనడు. వాళ్లడిగినంత కిరాయి ఇస్తూ పడి ఉంటాం. కానీ వాడు నీ తమ్ముడు. పెట్టొద్దని నీకు చెప్పలేను."

లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ క్షణాన భర్త మీద ఆమెకి కలిగింది కోపం కాదు, భయం. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషి లెక్కలో ఒక ఓడకి ఎంతమంది మనుషులు సరిపోతారో తనకి ఎప్పుడూ తెలియదనిపించింది.

కాగితం పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. ఉన్నదున్నట్టు అందరికీ చెప్పింది. ఒక ముసలమ్మ వెంటనే, "పెట్టెయ్యి తల్లీ, ఓడలు మళ్లీ కొనుక్కోవచ్చు," అంది. ఇంకొకామె అడ్డు తగిలింది. "మా ఆయన కంపెనీ ఓడలో మాటలు పడలేక ఇందులోకి వచ్చాడు. మళ్లీ వాళ్ల కాళ్ల దగ్గరికే తెస్తారా?" ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. తమ్ముడి భార్య దగ్గరికొచ్చి ఆమె మోచేయి పట్టుకుంది.

"వదినా, అన్నయ్యగారిని ఏమీ అనకండి. వెళ్తానని పట్టుబట్టింది మా ఆయనే."

"నువ్వేమంటావో చెప్పు."

"నాకు మనిషి కావాలి వదినా."

గేటు పక్కన కాపలావాడి బల్ల మీద కాగితం పరిచి ఆమె సంతకం పెట్టింది. చెయ్యి ఎంత వణికిందంటే ఆ సంతకం తనదేనని ఏజెంటుకి ఇంకో కాగితం మీద మళ్లీ రాసి చూపించాల్సి వచ్చింది.

టగ్గు వెళ్లింది. గాలి ఆగలేదు. మర్నాటి పగలంతా ఆమె వైర్‌లెస్ గదిలోనే కూర్చుంది. తమ్ముడి భార్య కూర్చోలేక కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మధ్యాహ్నం దాటాక మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి. సిమెంటాయన వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. భార్యాభర్తలు పలకరించుకోలేదు. వెనకే ఏజెంటూ వచ్చాడు.

సాయంత్రం కావస్తుండగా ఆపరేటరు చెయ్యెత్తాడు. టగ్గు మాట్లాడుతోంది. ఓడ కనపడింది. ఒక పక్కకి ఒరిగి ఉంది, తేలుతోంది. వైర్‌లెస్ పాడైంది గానీ మనుషులు డెక్కు మీద కనిపిస్తున్నారు. తమ్ముడి భార్య నేల మీద చతికిలబడి మొహం చేతుల్లో దాచుకుంది.

ఆపరేటరు మళ్లీ విన్నాడు. అతని మొహం మారింది.

"తాడు విసిరారట. కెప్టెన్ అందుకోనన్నాడట."

అలలు కాస్త తగ్గాక టగ్గువాళ్లు చిన్న పడవ మీద ఒక మాట్లాడే యంత్రాన్ని ఓడకి చేరవేశారు. గరగర శబ్దం మధ్య, ఎవరో బావిలోంచి అంటున్నట్టు, తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, వినపడుతోందా?"

"వినపడుతోంది. తాడు తీసుకోరా."

"వద్దక్కా."

"సంతకం నేనే పెట్టాను. మీ బావ ఏమంటాడోనని చూడకు. ఓడ పోతే పోయింది."

"బావ అక్కడున్నాడా?"

"ఉన్నారు."

"సరుకు అందుతుందని చెప్పు. తాడు సంగతి తర్వాత చెప్తాను. ఇప్పుడు చెప్పే మాట కాదు."

"తర్వాత అంటే ఎప్పుడురా? చిన్నప్పట్నుంచి ఏ ఒక్క మాటా విన్నావు కాదు, ఇదొక్కటి విను." గరగర పెరిగింది. అటు నుంచి ఇంకేదో అన్నాడు గానీ గాలి మింగేసింది.

"కంపెనీలో ఉన్నప్పుడూ ఇంతే మొండి," అన్నాడు ఏజెంటు. ఆమె అతని వైపు తిరిగి, జీవితంలో ఎవర్నీ అడగనంత దీనంగా అడిగింది.

"మీ టగ్గుని వెనక్కి పిలవకండి. వాడు తీసుకోకపోయినా పక్కనే ఉండమనండి."

ఏజెంటు కాసేపు ఆమెని చూశాడు. "ఉంటుంది," అన్నాడు. మునిగే ముందు ఎవరైనా తాడు అందుకోక మానరని అతని లెక్క కావచ్చు. ఏదైతేనేం, ఉండమన్నాడు.

ఆ తర్వాతి పగళ్లు ఎలా గడిచాయో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. ఓడ నత్తలా కదులుతోంది, టగ్గు వెంటే పోతోంది. కబురు వచ్చినప్పుడల్లా ఆపరేటరు పెదవుల వంక చూడటం, అవి విడిపోయేదాకా ఊపిరి బిగబట్టడం. అన్నం సహించేది కాదు. కాస్త కళ్లు మూస్తే చాలు, బూడిదరంగు ముద్దలో కాళ్లు కూరుకుపోయినట్టు ఉలిక్కిపడి లేచేది.

చివరికి అవతలి రేవు నుంచే కబురు వచ్చింది. ఓడ చేరింది. సరుకులో సగానికి పైగా పొడిగానే ఉంది. కంపెనీ తాడు ఓడని తాకలేదు కనుక ఒప్పందం లేదు. వీధుల్లో బ్యాండు మోగింది. కంపెనీ తాడును కాలదన్నిన కెప్టెన్ అని పేపర్లు రాశాయి. మంత్రి ఇంటికి వచ్చి సిమెంటాయనని కౌగిలించుకున్నాడు. మంత్రి కోటు నిండా దుమ్మైంది.

పేపరు అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. బాయిలరులో బొగ్గు వేసే మనిషి ఒకడు చనిపోయాడు.

ఆమె అతని ఇల్లు కనుక్కుని వెళ్లింది. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద ఒక గది. అతని భార్య ఎవరివో చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. పెట్టె పక్కన పెట్టి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి గానీ మాట స్థిరంగానే ఉంది.

"ఒక్కటే అడుగుతానమ్మా. ఆ తాడు అందుకుని ఉంటే మా ఆయన బతికేవాడా?"

తనకి తెలియదని చెప్పింది ఆమె. కనుక్కుని చెప్తానంది. తిరిగొచ్చేటప్పుడు వీధిలో జనం దండం పెడుతుంటే మొహం తిప్పుకుంది.

తమ్ముడు తిరిగొచ్చాడు. బాగా చిక్కిపోయాడు, ఒక చేతికి కట్టు. ముందు అతని భార్య, తర్వాత ఆమె, కౌగిలించుకుని వదల్లేదు. అన్నం పెట్టి ఎదురుగా కూర్చుని, ఆ ఇస్త్రీ మనిషి అడిగిన ప్రశ్నే అడిగింది.

అతను ముద్ద కింద పెట్టాడు.

"లేదక్కా. టగ్గు రాకముందే పోయాడు. నీళ్లు వస్తున్న చిల్లు చుట్టూ చెక్కలు పెట్టెలా బిగించి, అందులో మన సిమెంటే కలిపి పోశాం. గట్టిపడేదాకా ఒకడు లోపల నిలబడి పట్టుకోవాలి. నేను నిలబడతానంటే నన్ను పక్కకి నెట్టేశాడు. ఓడ ఊగి బస్తాలు మీద పడ్డాయి. నీళ్లు ఆగాయి. వాడి ప్రాణం ఆగలేదు."

ఆమె అతని చేతి కట్టు సర్దింది.

"మరి తాడు ఎందుకు వద్దన్నావు?"

"ముందు వైపు రేకులు పుచ్చిపోయాయక్కా. తాడు కట్టి ఒక్క లాగు లాగితే ఓడ ముక్కు ఊడొచ్చేది, అందరం పోయేవాళ్లం. ఆ మాట వైర్‌లెస్‌లో అంటే కంపెనీ వింటుంది, రేపు మన ఓడలో ఎవడూ సరుకు వేయడు. పేపర్లో రాసింది చదివి నాకే నవ్వొచ్చింది. దేశం గుర్తొచ్చే తీరికెక్కడిది? చచ్చేంత భయమేసింది."

"ఆ రేకుల సంగతి మీ బావకి తెలుసా?"

అతను కంచంలోకి చూశాడు. "కొనేటప్పుడే చెప్పాను. ఒక్క సరుకు దింపిరా, తర్వాత బాగుచేయిద్దాం అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆయన్నొక్కణ్ణే అనకు."

మర్నాడు ఆమె ముందు సైకిల్ కొట్టు మీద గదికి వెళ్లి ఉన్నది చెప్పింది. అక్కణ్ణుంచి నేరుగా ఫ్యాక్టరీకి పోయింది. సిమెంటాయన రెండో సరుకు కాగితాలు చూస్తున్నాడు. అవతలి దేశం ఇంకా కావాలంది.

"ఓడ ముక్కు పుచ్చిందని మీకు ముందే తెలుసట."

ఆయన బుకాయించలేదు. "తెలుసు. ఆగితే ఆ ఆర్డరు కంపెనీకి పోయేది. ఫ్యాక్టరీ బట్టీ ఆర్పుకోవాలి. దాని మీద ఎన్ని కొంపలు బతుకుతున్నాయో నీకు తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఓడని కదలనిచ్చేదానివి కాదు."

"ఇప్పుడూ కదలనివ్వను," అందామె. "ముందు రేకులన్నీ మార్పించండి. తర్వాత మనకంటూ ఒక టగ్గు కొనండి. రెండో బట్టీకని దాచింది దానికి పెట్టండి. ఆ బొగ్గు మనిషి భార్యకి నెలనెలా జీతం ముట్టాలి. ఇవన్నీ అయ్యేదాకా నా సంతకం లేదు."

ఆయన నచ్చజెప్పాడు, కేకలేశాడు, రెండు రోజులు మాట్లాడటం మానేశాడు. మంత్రి ఇంటికొచ్చి దేశం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆమె కాఫీ ఇచ్చి, కాదంది. ఆర్డరు పోతే, బట్టీ ఆరిపోతే, గేటు ముందు ఈసారి ఇంకెందరు నిలబడతారోనన్న భయం లోపల ఉంది. అయినా కలం ముట్టలేదు.

అవతలి దేశం విసుక్కుంటూనే ఆగింది. ఓడ ముక్కు మారింది. ఆ మరుసటి ఏడు రేవులో దేశం జెండాతో ఒక టగ్గు నిలిచింది. అదొకటి ఉందనే ధైర్యంతో ఒక నూనె మిల్లు యజమాని, ఒక కలప వ్యాపారి చెరో పాత ఓడ కొన్నారు. బీమా వాళ్లు దిగొచ్చారు. కంపెనీ కిరాయి తగ్గించింది. టగ్గు ఆలోచన తనదేనని సిమెంటాయన సభల్లో చెప్పుకునేవాడు. ఆమె వినీ విననట్టు ఊరుకునేది.

టగ్గు వచ్చాక ఓడ రెండోసారి బయల్దేరిన రోజు ఆమె రేవుకి వెళ్లలేకపోయింది. వంటింట్లో నిలబడి చేతులు కడిగిందే కడుగుతోంది. బ్యాండు చప్పుడు వినిపించింది, ఆగింది. కాసేపటికి వీధి తలుపు చప్పుడైంది. సభలో ఉండాల్సిన మనిషి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఉపన్యాసం ఇవ్వలేదా?"

"మంత్రి ఇస్తున్నాడు. నా వల్ల కాలేదు." పీట లాక్కుని కూర్చున్నాడు. "కాళ్లు వణుకుతున్నాయి. కాసిని మంచినీళ్లు ఇస్తావా?"

ఆమె గ్లాసు నింపి ఇచ్చింది. తనకీ ఒకటి నింపుకుని ఇంకో పీట ఆయన పక్కకి జరుపుకుంది.